చట్టాన్ని వెతకడానికి డబ్బు పెట్టాలా? గోదావరి డెల్టా వారికి ఉచిత, చౌక వనరుల పోలిక

కిందటి వేసవిలో మా ప్రాంతపు రైతు ఒకాయన ఒక లీజు కాగితాన్నీ, ఫోనులో దించుకున్న పదకొండు తీర్పులనూ పట్టుకుని నా ఆఫీసుకు వచ్చారు. అమలాపురానికి దిగువన ఉన్న తన రెండెకరాల చేనును ఆయన రొయ్యల చెరువుకు లీజుకిచ్చారు. గడువు తీరినా అవతలి వ్యక్తి ఖాళీ చేయడం లేదు. సివిల్ కోర్టులో దావా వేయాలా, కౌలు చట్టం కింద స్పెషల్ ఆఫీసరు ముందు పిటిషన్ వేయాలా అన్నది ఆయన సందేహం. ‘మూడు రాత్రులు కూర్చుని వెతికానండి, అన్నీ మనకు అనుకూలంగానే ఉన్నాయండి’ అన్నారు. చూస్తే ఆ పదకొండింటిలో నాలుగు తెలంగాణ కౌలు చట్టం మీద వచ్చినవి, రెండు తమిళనాడువి, మూడు ఊళ్ళోని ఇళ్ళ అద్దెకు సంబంధించినవి. పనికొచ్చేవి రెండే మిగిలాయి. ఆయన శ్రమలో లోపం లేదు. ఏది ఎక్కడ దొరుకుతుందో, దొరికినది తన కేసుకు వర్తిస్తుందో లేదో ఎలా తెలుసుకోవాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆయన ప్రశ్ననే కొలతగా పెట్టుకుని, ఇంటర్నెట్‌లో చట్టాలను, తీర్పులను వెతకడానికి ఉన్న ఉచిత, చౌక వనరులను ఇక్కడ పోల్చి చూస్తాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. చట్టాల పాఠమూ తీర్పుల పాఠమూ దాదాపు అంతా నేడు ఉచితంగానే దొరుకుతున్నాయి. డబ్బు పెట్టి కొనే సేవలలో అసలు విలువ, ఆ పాఠం ఈ రోజుకూ నిలిచి ఉన్నదా లేదా అని త్వరగా తేల్చుకోగలగడంలో ఉంది. ఆ అవసరం ఎవరికి ఎంత తరచుగా పడుతుందో దానిని బట్టి ఖర్చు పెట్టాలో అక్కరలేదో నిర్ణయించుకోవచ్చు.

ముందు చట్టం, తరువాత తీర్పు

చాలామంది నేరుగా తీర్పుల దగ్గరకు వెళతారు. అక్కడే దారి తప్పుతుంది. మొదట చూడవలసినది ఇండియా కోడ్. కేంద్ర చట్టాలతో పాటు రాష్ట్రాల చట్టాలనూ సెక్షన్ల వారీగా విడదీసి, సవరణలతో కలిపి, కేంద్ర ప్రభుత్వం ఉచితంగా అందిస్తున్న సైటు ఇది. లాగిన్ అక్కరలేదు. కేంద్ర చట్టాలకు చాలా చోట్ల ఆ సెక్షన్ కిందనే సంబంధించిన రూల్సు, నోటిఫికేషన్లు కూడా జతచేసి ఉంటాయి. ఏ ప్రైవేటు సైటులోని చట్టం కాపీ కంటే దీనినే నేను ముందు నమ్ముతాను.

రైతుగారి ప్రశ్నకు కావలసిన చట్టం పూర్తి పేరు ఆంధ్రప్రదేశ్ (ఆంధ్ర ప్రాంత) కౌలు చట్టం, 1956. కుండలీకరణంలో ఉన్న ఆ రెండు మాటలు చిన్నవిగా కనిపిస్తాయి గాని, డెల్టాలో భూమి తగాదా ఉన్న ప్రతివారూ గుర్తుపెట్టుకోవలసినవి అవే. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలు 1956లో ఒక రాష్ట్రమైనా భూమి చట్టాలు వేరుగానే కొనసాగాయి. తెలంగాణ ప్రాంతానికి 1950 నాటి కౌలు, వ్యవసాయ భూముల చట్టం ఉంది. రక్షిత కౌలుదారు, 38-ఇ సర్టిఫికెట్ వంటి మాటలు దానివి. వాటి మీద వచ్చిన తీర్పులు వందల కొద్దీ ఉన్నందువల్ల, ‘ఆంధ్రప్రదేశ్ కౌలుదారు’ అని వెతికినవారికి ముందు అవే ఎదురవుతాయి. వాటిపై ‘ఆంధ్రప్రదేశ్ హైకోర్టు’ అనే శీర్షిక ఉన్నందువల్ల మన కోర్టు తీర్పే కదా అనిపిస్తుంది. కోర్టు మనదే అయినా అందులోని చట్టం మన ప్రాంతానికి వర్తించదు. రైతుగారి దగ్గరున్న నాలుగు తీర్పులూ ఇలా వచ్చినవే.

మన 1956 చట్టంలో రెండు చోట్లు చదివితే ఆయన ప్రశ్న సగం తేలుతుంది. ఒకటి నిర్వచనాలు ఉండే 2వ సెక్షన్, రెండవది భూస్వామికీ సాగుచేసే కౌలుదారుకూ మధ్య తగాదాలను స్పెషల్ ఆఫీసరు విచారించాలని చెప్పే 16వ సెక్షన్. ఆ స్పెషల్ ఆఫీసరు వేరే కచేరీలో ఉండరు. మన జూనియర్ సివిల్ జడ్జిగారే ఆ హోదాలో కూర్చుంటారు. ఆ పిటిషన్లకు ఏటీసీ అనే కౌలు కేసుల నంబర్లు పడతాయి, అప్పీలు జిల్లా జడ్జి ముందుకు వెళుతుంది. కాబట్టి ఆయన ప్రశ్న అసలు రూపం ఇది: రొయ్యల చెరువుకిచ్చిన లీజు ఆ నిర్వచనాలలోని వ్యవసాయం కిందకు వస్తుందా? ప్రశ్న ఈ రూపానికి వచ్చిన తరువాతే తీర్పులు వెతకడం మొదలుపెట్టాలి.

ఇండియా కోడ్‌కు ఉన్న లోటు ఏమిటంటే రాష్ట్ర చట్టాల విషయంలో అది అన్నివేళలా నేటి పాఠాన్ని చూపించదు. తాజా సవరణ ఉన్నదేమోనన్న అనుమానం వచ్చినప్పుడు రాష్ట్ర ప్రభుత్వపు ఈ-గెజిట్ సైటు చూడాలి. జీవోలకు జీవోఐఆర్ అనే సైటు ఉంది. లంక భూములు, కాలువ గట్ల ఆక్రమణలు, అసైన్డ్ భూములు వంటి మన తగాదాలలో చట్టం కంటే జీవోయే ఎక్కువ పనిచేస్తుంది కనుక దీనిని చిన్నచూపు చూడకూడదు. అయితే 2021 ఆగస్టులో జీవోలను ఆ సైటులో పెట్టడం ప్రభుత్వం ఆపివేసింది. 2024లో మళ్ళీ మొదలైంది. ఆ మధ్యకాలపు జీవో కావలసివస్తే ఈ-గెజిట్ సైటులో వెతకాలి, అక్కడా లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టుకోవాలి.

రద్దయిన చట్టాల బెడద ఇంకొకటి. ఆంధ్రప్రదేశ్ భూమి హక్కుల చట్టం, 2022ను, అంటే అందరూ ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్ అని పిలుచుకున్న దానిని, 2024లో శాసనసభ రద్దు చేసింది. దాని గురించి వచ్చిన వ్యాసాలు, వీడియోలు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అలాగే 2024 జూలై 1 నుంచి ఇండియన్ పీనల్ కోడ్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చాయి. మోసానికి పాత 420 ఇప్పుడు 318(4), భార్యాపిల్లల మనోవర్తికి పాత 125 ఇప్పుడు 144. దశాబ్దాల తీర్పులన్నీ పాత నంబర్లతోనే ఉన్నందువల్ల రెండు నంబర్లతోనూ వెతకాలి. పాత, కొత్త సెక్షన్లను పక్కపక్కన చూపే ‘సంకలన్’ అనే ఉచిత యాప్‌ను జాతీయ నేర రికార్డుల బ్యూరో ఇచ్చింది. ఈ పనికి అది చాలు, డబ్బు పెట్టి పట్టికల పుస్తకం కొననక్కరలేదు.

తీర్పులకు ఏది మేలు

తీర్పుల పాఠం మీద ఎవరికీ గుత్తాధిపత్యం లేదు. కాపీరైట్ చట్టం, 1957లోని 52(1)(క్యూ) సెక్షన్ ప్రకారం, కోర్టు ప్రత్యేకంగా నిషేధించకపోతే, తీర్పును ఎవరైనా ప్రచురించవచ్చు. ఒక ప్రచురణ సంస్థ తన సంపాదకత్వంలో చేర్చిన పేరాల విభజన వంటి వాటిపై మాత్రం హక్కు ఉంటుందని, కోర్టు ఇచ్చిన అసలు పాఠం మీద ఉండదని సుప్రీంకోర్టు 2007 డిసెంబరులో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో తేల్చింది. ఉచిత సైట్లు నిలబడిన పునాది ఇదే. వాటిలో హెడ్‌నోట్లు, అంటే తీర్పు పైన ప్రచురణకర్తలు రాసే సారాంశాలు, ఎందుకు ఉండవో కూడా దీనితోనే అర్థమవుతుంది. హెడ్‌నోటు ఆయా సంస్థ సొత్తు.

ఉచిత సైట్లలో అందరూ మొదట తట్టే తలుపు ఇండియన్ కానూన్. సుశాంత్ సిన్హా అనే కంప్యూటర్ ఇంజినీరు 2008లో దీనిని ప్రారంభించారు. సుప్రీంకోర్టు, హైకోర్టులు, అనేక ట్రిబ్యునళ్ళ తీర్పులు, కేంద్ర చట్టాలు ఒకే పెట్టెలో వెతకవచ్చు. వేగం విషయంలో ప్రభుత్వ సైట్లు ఏవీ దీని దరిదాపులకు రావు. కాని అందులో మామూలు వాక్యం కొట్టి వెతకడం వల వేయకుండా చేతితో చేపలు పట్టడం వంటిది. కచ్చితమైన పదబంధాన్ని కోట్ గుర్తుల మధ్య పెట్టాలి. రెండు మాటలూ తప్పనిసరిగా ఉండాలంటే వాటి మధ్య ఇంగ్లీషు ‘యాండ్’ను పెద్ద అక్షరాలలో, చివరి ‘డి’ని రెండుసార్లు కొట్టి రాయాలి. ఏదో ఒకటి ఉంటే చాలనుకుంటే ‘ఆర్’లో చివరి అక్షరాన్ని అలాగే రెట్టించాలి. ఆపైన పక్కన ఉండే కోర్టుల జాబితాలో మనకు కావలసినది ఎంచుకోవాలి.

ఆ జాబితాలో మన హైకోర్టు ఒకచోట ఉండదు. హైకోర్టు విభజనకు ముందటి పాత తీర్పులు ‘ఆంధ్ర’ పేరుతో ఒకచోట, 2019 జనవరి 1న అమరావతిలో ప్రత్యేక హైకోర్టు ఏర్పడిన తరువాతివి ఇంకొకచోట ఉంటాయి. కొత్తది ఒక్కటే ఎంచుకుని, ‘నా ప్రశ్న మీద తీర్పులే లేవు’ అని నిరాశపడిన జూనియర్లను చూశాను. చట్టం పేరుతోనూ ఇదే చిక్కు. మన కౌలు చట్టాన్ని తీర్పులలో ఒకరు ‘ఆంధ్ర టెనెన్సీ యాక్ట్’ అంటారు, ఒకరు ‘ఏపీ (ఆంధ్ర ఏరియా) టెనెన్సీ యాక్ట్’ అంటారు, పాతవాటిలో ‘1956 నాటి 18వ చట్టం’ అని మాత్రమే ఉంటుంది. మూడు రూపాలతోనూ వెతికితే గాని చిత్రం పూర్తి కాదు. తెలుగు మాటలు ఇంగ్లీషు తీర్పులలో పడే పాట్లు ఇంకో కథ. మక్తా, పోరంబోకు, లంక, బోదె వంటివాటిని ఒక్కొక్క జడ్జిగారు ఒక్కొక్క స్పెల్లింగుతో రాశారు. నాకు కావలసిన ఒక తీర్పులో ‘మక్తా’లోని ‘మ’ తరువాత ‘యు’ అక్షరం ఉందని కనిపెట్టడానికి ఒక సాయంత్రం పట్టింది.

రైతుగారి ప్రశ్నను ఈ పద్ధతిలో వెతికితే మొదటి పేజీలోనే పనికొచ్చేవి నాలుగైదు వచ్చాయి. ముందరి మూడు రాత్రులకూ ఈ ఇరవై నిమిషాలకూ మధ్య మారినది ఆయన ఇంటర్నెట్ కాదు, ప్రశ్న.

అయితే ఇండియన్ కానూన్ ఒక తీర్పు తరువాత కొట్టివేయబడిందో లేదో మొహాన చెప్పదు. ఈ పాఠం నేను కోర్టు హాలులో నేర్చుకున్నాను. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఒక ఇంజంక్షన్ పిటిషన్‌లో ఏకసభ్య ధర్మాసనం తీర్పు ఒకటి ఎంతో ధీమాగా చదివి వినిపించాను. అవతలి సీనియర్ గారు నా వాదన అయ్యేదాకా నిదానంగా కూర్చుని, అదే కేసులో ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచి ఆ తీర్పును రద్దు చేసిన ఉత్తర్వును జడ్జిగారికి అందించారు. నేను దించుకున్న పేజీలోనే, దానిని ఉదహరించిన తరువాతి తీర్పుల జాబితా ఉంది. తెరిచి చూడలేదు. ఈ సైటును ఎంచుకునేవారు చేయవలసిన పని అదే: వాడదలచిన ప్రతి తీర్పుకూ ఆ జాబితా తెరిచి, కొత్త తేదీల నుంచి పాతవాటి వైపు చదువుకుంటూ రావాలి. నలభై ఉంటే నలభైనీ చూడాలి. అప్పీలులో రద్దయిన సంగతి ఆ జాబితాలోకి ఎక్కకపోవచ్చు కాబట్టి, పార్టీల పేర్లతో విడిగా మరొకసారి వెతకాలి.

దీనికి ప్రభుత్వపు ప్రత్యామ్నాయాలు రెండు. మొదటిది సుప్రీంకోర్టు వారి ఈ-ఎస్‌సీఆర్. 2023 జనవరి 2న సుమారు 34,000 తీర్పులతో మొదలైన ఈ సేవలో సుప్రీంకోర్టు అధికారిక రిపోర్టులు ఉచితంగా దొరుకుతాయి. ఇందులో హెడ్‌నోట్లు ఉంటాయి, పేజీ నంబర్లు అధికారిక రిపోర్టువే, కాబట్టి కోర్టులో దాఖలు చేసే ప్రింటు ఇక్కడినుంచి తీస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు. వెతకడానికి ఇండియన్ కానూన్ అంత అనువుగా ఉండదు. అందుకే నేను అక్కడ వెతికి ఇక్కడ ప్రింటు తీస్తాను. 2023లోనే సుప్రీంకోర్టు తన తీర్పులకు న్యూట్రల్ సైటేషన్ ఇవ్వడం మొదలుపెట్టింది. సంవత్సరం, ‘ఐఎన్ఎస్‌సీ’ అనే అక్షరాలు, ఒక అంకె ఉంటాయి. ఏ ప్రైవేటు రిపోర్టూ కొనకుండానే తీర్పును గుర్తించగల చిరునామా అది. రెండవది ఈ-కోర్టుల తీర్పుల పోర్టల్, అందులో దేశంలోని హైకోర్టుల తీర్పులు ఉంటాయి. జడ్జి పేరు, తేదీ, కేసు నంబరు తెలిసినప్పుడు ఇది మంచిది. విషయాన్ని బట్టి వెతకడానికి విసుగు తెప్పిస్తుంది, క్యాప్చా అక్షరాలు మధ్యమధ్యలో అడ్డుపడతాయి.

ఎక్కడ వెతకాలన్నది ప్రశ్న స్వభావాన్ని బట్టి కూడా మారుతుంది. పక్క చేను గట్టు మీదుగా వచ్చే పంట బోదెను పొరుగువాడు పూడ్చివేశాడనుకోండి. అది 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం, అంటే పరాయి భూమి మీదుగా దారి, నీరు వంటి హక్కుల చట్టం, కింద ప్రశ్న. 15వ సెక్షన్ కింద ఇరవై ఏళ్ళ అనుభవం రుజువు చేయాలి. ఆ చట్టం మన ఒక్క రాష్ట్రానిది కాదు కనుక కేరళ తీర్పయినా, బొంబాయి తీర్పయినా మన కోర్టును కట్టడి చేయకపోయినా ఒప్పించడానికి పనికొస్తుంది. అక్కడ వల విశాలంగా వేయాలి. కౌలు, ఇనాం, అసైన్డ్ భూమి వంటి రాష్ట్ర చట్టం ప్రశ్న అయితే వలను మన హైకోర్టుకూ సుప్రీంకోర్టుకూ కుదించుకోవాలి. చెరువుల వల్ల నీరు ఉప్పగా మారిందనే తగాదా అయితే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి ఉత్తర్వులను ట్రిబ్యునల్ సొంత సైటులోనే ఉచితంగా చూడవచ్చు.

మద్రాసు నాటి తీర్పులు

గోదావరి జిల్లాలవారికి మిగతా చాలామందికి లేని ఒక అదనపు అవసరం ఉంది. మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నవాళ్ళం. 1954 జూలై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడేదాకా మనకు హైకోర్టు మద్రాసుదే. ఆ తేదీకి ముందు మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పులు ఆంధ్ర హైకోర్టును కట్టడి చేస్తాయని సుబ్బరాయుడు కేసులో ఫుల్ బెంచి చెప్పింది. అది ఏఐఆర్ 1955 ఆంధ్ర రిపోర్టులో 87వ పేజీలో ఉంది. అంటే పాత ఇనాం గ్రామం, జమీందారీ ఎస్టేటు, దత్తత, ఉమ్మడి కుటుంబపు పంపకం వంటి ప్రశ్నలలో 1930ల నాటి మద్రాసు తీర్పు మనకు చరిత్ర కాదు, నేటికీ నడిచే చట్టం కావచ్చు.

వీటికి ఉచిత వనరులలో మూడు దారులు ఉన్నాయి. ఇండియన్ కానూన్‌లో మద్రాసు హైకోర్టు ఎంచుకుని తేదీని 1954తో ఆపితే చాలావరకు దొరుకుతాయి, కాని స్కానింగ్ నుంచి తీసిన పాఠం కాబట్టి అక్షరదోషాలు ఉంటాయి. పార్టీల పేర్లలోని తెలుగు పేర్లు గుర్తుపట్టరానంతగా మారిపోతాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత ఇండియన్ లా రిపోర్ట్స్ మద్రాసు సంపుటాలు పేజీలకు పేజీలు బొమ్మలుగా ఉన్నాయి. వెతకడం కష్టమైనా, సైటేషన్ చేతిలో ఉంటే అసలు పేజీనే చూడవచ్చు. బ్రిటిష్ కాలంలో మన ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్ ప్రీవీ కౌన్సిల్ తీర్పులకు బ్రిటన్‌లోని బైలీ అనే ఉచిత సైటు ఉంది. మన పక్కనున్న పిఠాపురం సంస్థానపు వారసత్వ తగాదాలు లండన్‌దాకా వెళ్ళాయి. విభజించరాని ఎస్టేటును హక్కుదారు వీలునామా ద్వారా ఇవ్వవచ్చని 1899లో ప్రీవీ కౌన్సిల్ చెప్పిన పిఠాపురం కేసు దేశమంతటా ఉదహరించే తీర్పు. కాకినాడ రోడ్డు మీద కనిపించే ఊరి పేరు లండన్ తీర్పులలో చదవడం ఇప్పటికీ నాకు తమాషాగానే ఉంటుంది.

ఈ పాత తీర్పుల విషయంలో మాత్రం తెర మీది వనరులకంటే పాత బార్ అసోసియేషన్ గ్రంథాలయాలే మేలు. మద్రాసు లా జర్నల్ బైండు సంపుటం ఉంటే, సూచిక చూసి పది నిమిషాలలో తేలే పని తెర మీద గంట పడుతుంది. చెదలు పట్టకముందే చూడాలి, అంతే.

కేసు ఎక్కడుందో చూడటం

సొంత కేసు వాయిదా తెలుసుకోవడానికి ఈ-కోర్టుల సైటు, యాప్ రెండూ ఉచితమే. దీనికోసం ఎవరికీ డబ్బు ఇవ్వవలసిన పనిలేదు. ప్రతి కేసుకూ ఇచ్చే పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంటే ఒక్క నొక్కులో వివరాలు వస్తాయి. అది లేకపోతే పార్టీ పేరుతో వెతకాలి, అక్కడ మళ్ళీ స్పెల్లింగుల గొడవే. ‘సత్యనారాయణ’లో ‘త’కు ‘హెచ్’ చేర్చి ఒకసారి, చేర్చకుండా ఒకసారి వెతకండి. మొదటి నాలుగు అక్షరాలు మాత్రమే కొట్టడం ఇంకా మంచిది. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన కొత్త జిల్లా పేరుతో మీ కోర్టు కనిపించకపోతే, పాత తూర్పు గోదావరి లేదా పశ్చిమ గోదావరి కింద చూడండి. కోనసీమ కోర్టులను రాజమహేంద్రవరం జిల్లా కోర్టు కింద వెతకడం మా గుమస్తాలకు అలవాటే. భూమి రికార్డులకు మీభూమి, రిజిస్ట్రేషన్ శాఖ సైటులోని ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీల పత్రం), నిషేధిత భూముల జాబితా ఉన్నాయి. తీర్పులు వెతకడానికి ముందు ఆ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉన్నదేమో చూసుకుంటే చాలా శ్రమ మిగులుతుంది.

డబ్బు ఎక్కడ పెట్టాలి

ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర, ఏఐఆర్ వారి సేవలు ప్రధానంగా మూడు పనులకు విలువైనవి: నిపుణులు రాసిన హెడ్‌నోట్లు, ఒక తీర్పు తరువాత ఏమైందో చూపే గుర్తులు, పాత రిపోర్టుల శుభ్రమైన పాఠం. చందా ఏడాదికి వేల రూపాయలలో ఉంటుంది. మన రాష్ట్రపు తీర్పులకైతే ఆంధ్రా లా టైమ్స్, ఆంధ్రా లీగల్ డెసిషన్స్ వంటి స్థానిక రిపోర్టులు మరింత ఉపయోగకరం. కౌలు చట్టం మీద చిన్న తీర్పులు కూడా వాటిలో వస్తాయి, ఢిల్లీ సంస్థలకు ఆ శ్రద్ధ తక్కువ.

ఒకే కేసు ఉన్న కక్షిదారు వీటిలో దేనికీ చందా కట్టవద్దని నా గట్టి సలహా. ఆ సొమ్ముతో ఒక న్యాయవాదితో గంటసేపు సంప్రదింపు జరిపితే ఎక్కువ లాభం. ప్రాక్టీసు కొత్తగా పెట్టినవారు మొదటి రెండేళ్ళు ఉచిత వనరులతోనే నడపవచ్చు. నెలకు ఐదారు అప్పీళ్ళు, రివిజన్లు రాసే దశకు వచ్చాక ఒక సేవ తీసుకోండి, రెండు వద్దు. అంతవరకు బార్ అసోసియేషన్ కంప్యూటర్‌లో ఉమ్మడి చందా ఉంటే ఆఖరి సరిచూపుకు అది సరిపోతుంది. చందా లేని బార్ ఉంటే, పదిమంది చందా వేసుకుని సంస్థాగత లైసెన్సు అడగడం మంచిది. ఒకరి లాగిన్ పదిమంది వాడుకోవడం ఒప్పందానికి విరుద్ధం, న్యాయవాదులకు అసలే శోభించదు.

ఏఐ చాట్‌లను నేను సైటేషన్ల కోసం వాడను. అవి లేని తీర్పులను ఉన్నట్టుగా, పేరు, సంవత్సరం, పేజీతో సహా చెప్పగలవు. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు అలాంటి కల్పిత తీర్పులు దాఖలు చేసిన న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా విధించింది. ఏ పదాలతో వెతకాలో ఆలోచనలు అడగడం వరకు ఫరవాలేదు. అది చెప్పిన తీర్పును అసలు సైటులో తెరిచి చదవకుండా కాగితం మీద పెట్టకూడదు.

తెలుగులో చదవదలచినవారికి సుప్రీంకోర్టు తన తీర్పులలో కొన్నింటి తెలుగు అనువాదాలను ఉచితంగా ఇస్తోంది. యంత్రం మొదట అనువదించి, మనిషి సరిదిద్దే పద్ధతి అది. విషయం గ్రహించడానికి మంచివే. కాని రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల భాష ఇంగ్లీషు కాబట్టి, వాదనలో ఆధారం ఇంగ్లీషు మూలమే. తెలుగు ప్రతిలో ఒక్క ‘మరియు’, ‘లేదా’ తారుమారైనా అర్థం తలకిందులవుతుంది.

ఇంత వెతకడం తమవల్ల కాదనుకునేవారికి ఇంకో దారి ఉంది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద స్త్రీలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయవాదిని పొందవచ్చు. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు, లేదా కోర్టు ఆవరణలోనే ఉండే మండల న్యాయసేవల కమిటీకి కాగితం పెట్టుకోవచ్చు. కామన్ సర్వీస్ సెంటరులో టెలీ-లా ద్వారా ముందు ఒక సలహా తీసుకోవచ్చు, దాని నంబరు 14454. రైతుగారి పక్కింటి ఆవిడ తన పంపకం కేసులో ఈ దారినే పట్టారని తరువాత తెలిసింది.

ఆ సాయంత్రం రైతుగారు వెళ్ళేటప్పుడు ఆయన చేతిలో ఇండియా కోడ్ నుంచి తీసిన రెండు సెక్షన్ల ప్రింటు, హైకోర్టు తీర్పులు రెండు, లీజు కాగితంలో ‘చెరువు త్రవ్వుకొనుటకు’ అన్న మాటల కింద పెన్సిలుతో గీసిన జిరాక్సు ఉన్నాయి. ఆ రెండు తీర్పులనూ మరునాడు బార్ అసోసియేషన్ కంప్యూటర్‌లో సరిచూశాను. ఒకటి నిలిచే ఉంది, రెండవది అప్పీలులో పెండింగ్‌లో ఉంది కనుక పక్కన పెట్టేశాం. జిరాక్సులకు ఇరవై రెండు రూపాయలు అయింది.